తొక్కినా బతికే మొక్క

నీళ్ళ గొట్టం మూతికి బొటనవేలు అడ్డంపెట్టి, ధారను జల్లుగా చీల్చి, బయూమి మడి మీద అటూ ఇటూ ఆడిస్తున్నాడు. ధార సూటిగా పడితే కొత్తగా నాటిన తీగముక్కలు మట్టితో సహా లేచిపోతాయి. పొద్దు ఇంకా ఆసుపత్రి ప్రహరీ దాటి లోపలికి రాలేదు. గేటు బయట బండివాడు ఉడికిన చిక్కుడుగింజల కుండ మూత తీశాడు కాబోలు, జీలకర్ర వాసన గాలిలో కలిసి వచ్చింది. ఊళ్ళనుంచి వచ్చి గోడవార చాపలు పరుచుకున్నవాళ్ళు ఒక్కొక్కరే లేచి, దుప్పట్లు దులుపుకుని, స్త్రీల వార్డు వైపు చూస్తూ నిలబడుతున్నారు. తలుపులు తెరవడానికి ఇంకా చాలాసేపుంది. అయినా నిలబడతారు. నిలబడలేక నడుస్తారు. ఆ నడకతోనే బయూమికి జీవితమంతా పేచీ.

ఈజిప్టులో తాంతా పట్నంలోని ఆ ప్రభుత్వాసుపత్రిలో తోటపనికి చేరినప్పుడు అతనికి మీసం సరిగా రాలేదు. ఇప్పుడా మీసం నెరిసి, పొగాకు పొగకు పసుపుబారింది. పొట్టి మనిషి. ఏళ్ళ తరబడి గొంతుకూర్చుని చేసిన పనివల్ల మోకాళ్ళు బయటికి వంగిపోయి, నడుస్తుంటే పడవలో నిలబడ్డవాడిలా అటొకసారీ ఇటొకసారీ ఒరుగుతాడు. మడమల పగుళ్ళలో ఇంకిన మట్టి పండగ స్నానానికి కూడా వదలదు. ఎడమ కంట్లో పొర కమ్మింది. దూరాన ఉన్న మనుషులు అతని కంటికి ఆరేసిన బట్టల్లా కనిపిస్తారు. మొక్కలు తొక్కేవాళ్ళ మీద ఊదడానికి మెడలో తాడుకు తగరపు ఈల ఒకటి వేలాడుతూ ఉంటుంది. ఆసుపత్రిలో అతని పేరు తెలియనివాళ్ళు ఉన్నారు కానీ, ఆ ఈల వినని వాళ్ళు లేరు.

గేటుకీ స్త్రీల వార్డు మెట్లకీ మధ్య ఉన్న నేల అతని పాలిటి పరీక్ష. గోడ వెంబడి బాట ఉంది, కానీ అది చుట్టు. లోపల ప్రాణం పోతున్నవాళ్ళ మనుషులు చుట్టు తిరిగి వెళ్ళరు. మొదట్లో అక్కడ గరిక ఉండేది. ఒక వేసవిలోనే అది అరిగి, మధ్యలో బోడిచార పడింది. నీళ్ళు నిండిన దళసరి ఆకుల తీగ ఒకటి తెచ్చి నాటాడు. అది చెప్పుల కింద చితికి బంకబంకగా మారి, ఒకావిడ జారిపడి చెయ్యి విరగ్గొట్టుకుంది. సీమచామంతి బాగానే అల్లుకుంది కానీ, కడుపునొప్పికి మంచిదని జనం పీక్కుపోయారు. కొండవాము నైలు డెల్టా బురదలో వేళ్ళు కుళ్ళి చచ్చింది. చివరికి తోటల ఇంజనీరు ఇగ్లాల్ మేడమ్ ఒక తీగ తెప్పించింది. లిప్పియా అని దాని పేరు. చిన్న చిన్న ఆకులు, నేలను కరుచుకుని పాకుతుంది, కణుపు కణుపుకీ వేళ్ళు దించుతుంది. వేళ్ళు దిగాక ఎంత తొక్కితే అంత చిక్కబడుతుందట. పూలకు తేనెటీగలు వస్తాయి కాబట్టి మొగ్గలోనే కత్తిరించాలి. వేళ్ళు దిగేదాకా మాత్రం దాని మీద పిల్లి కూడా నడవకూడదు. ఈ తీగనే ఉంచాలా, సిమెంటు బిళ్ళలు పరిపించాలా అన్నది ఆసుపత్రి పెద్దాయన ఇంకా తేల్చలేదు.

బయూమి ఆ మడి చుట్టూ పుల్లలు పాతి తాడు కట్టాడు. తాడు ఎవరు లెక్కచేస్తారు.

గొట్టం చుట్టి పెట్టి, చేతులు పొడుగాటి గలాబియా అంగీకి తుడుచుకుని, అతను మెట్లెక్కి వార్డులోకి వెళ్ళాడు. చూడ్డానికి వచ్చేవాళ్ళను మధ్యాహ్నం దాటితే కానీ రానివ్వరు, కానీ తోటమాలిని నర్సులు ఆపరు. అతని భార్య నబవియా రంజాన్ ముందునుంచీ అక్కడే ఉంది. కాలేయం. చిన్నప్పుడు కాలవలో దిగి బట్టలుతికిన ఆడవాళ్ళకు, నీళ్ళలోని పురుగు ఒంట్లో చేరి, ముసలితనంలో వచ్చే జబ్బే. పొట్ట ఉబ్బి, చేతులు పుల్లలై, ముఖం పండిన నిమ్మకాయ రంగుకి తిరిగింది. పక్క మంచం ముసలామె కూతురు షైమా, తన తల్లితోపాటు ఈమెకు కూడా తల దువ్వి, గ్లాసులో టీ పట్టుకుని తాగిస్తుంది.

"నా సవతి ఎలా ఉంది? వేళ్ళు దిగాయా?" అంది నబవియా, అతను స్టూలు మీద కూర్చోగానే.

"ఇంకా లేదు. ఓపిక పట్టాలి."

"ఇన్నేళ్ళూ తొక్కొద్దు తొక్కొద్దని జనం వెంటపడ్డావు. ఇప్పుడేమో తొక్కించుకునేదాన్ని వెతుకుతున్నావు. కాళ్ళకింద పడి కూడా బతికేది కావాలంటే అన్నిచోట్ల తిరగడమెందుకయ్యా, నన్ను నాటాల్సింది."

షైమా నోటికి ముసుగు కొస అడ్డంపెట్టుకుని నవ్వింది. బయూమి నవ్వలేదు. ఆ మాటలో హాస్యం ఎంతో, నిజం ఎంతో అతనికి తెలుసు. పిల్లలు కలగని కోడలిని అతని తల్లి బతికున్నంతకాలం గొడ్రాలనే పిలిచింది. రెండో పెళ్ళి చేసుకోమని అడిగినప్పుడల్లా అతను తల వంచుకుని కూర్చునేవాడు. చేసుకోలేదు. కానీ చేసుకోనని పైకి ఒక్కసారి కూడా అనలేదు. ఆ ఒక్క మాట కోసం నబవియా గుమ్మం అవతల పిండి పిసుకుతూ చెవి ఒగ్గి ఉండేదని అతనికి తెలుసు. తెలిసీ అనలేదు. తల్లి పోయాక అనడానికి సందర్భం లేకపోయింది.

ఆమె ఎప్పుడూ అతని తోట చూడ్డానికి రాలేదు. పెళ్ళైన కొత్తలో ఒకసారి వస్తానంటే, ఆసుపత్రి విహారస్థలం కాదన్నాడు. మళ్ళీ అడగలేదు. ఇప్పుడు వచ్చింది కానీ, మంచం కిటికీకి దూరం. స్ట్రెచర్ మీద పడుకోబెట్టి తీసుకువచ్చినప్పుడు ఆకాశం తప్ప ఏమీ చూడలేదు.

మధ్యాహ్నం నమాజు అయ్యాక ఇగ్లాల్ మేడమ్ అతన్ని గేటు దగ్గరికి పిలిపించింది. ఇటుకరంగు సిమెంటు బిళ్ళలతో ఒక లారీ లోపలికి వస్తోంది. ఆమె కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుంది.

"బయూమీ, ఇక అయిపోయింది. పెద్దాయన బిళ్ళలకే సంతకం పెట్టాడు. రేపు పొద్దున్నే తవ్వి పరిచేస్తారు."

"వేళ్ళు దిగేదాకా కాస్త గడువిస్తే, మేడమ్..."

"గడువు ఎవరిస్తారయ్యా ఇక్కడ," అంది ఆమె. ఆ మాట అనేశాక అతని భార్య సంగతి గుర్తొచ్చినట్టుంది. ముఖం పక్కకి తిప్పుకుని, దేవుడు నబవియాకి నయం చెయ్యాలని గొణుక్కుంటూ వెళ్ళిపోయింది. ఆమె మీద అతనికి కోపం రాలేదు. ఎవరి మీదా రాలేదు. ఇన్నేళ్ళలో చచ్చిన మొక్కలన్నిటినీ పెరికి పారేశాడు. బతకబోతున్నదాన్ని పెరకడం మాత్రం ఇదే మొదలు.

లారీవాళ్ళు బిళ్ళలు దించుతుంటే పక్కన నిలబడి, అక్కడ కాదు ఇక్కడ పెట్టండని చెబుతున్నాడు. ఎండ నెత్తిమీద ఉంది. అలా చెబుతూ చెబుతూ తల తిప్పి మడి వైపు చూశాడు. అవతలి కొసన తాడు దాటి ఎవరో లోపల ఉన్నారు. బూడిదరంగు దుప్పటి కప్పుకున్న ఒక వంగిపోయిన ఆకారం, పక్కన నల్లగా మరొకరు పట్టుకుని. ఆ ముసలి ఆకారం ఒక్కో అడుగూ ఆగి ఆగి, నేలను నొక్కి చూస్తున్నట్టు వేస్తోంది. రేపు తవ్విపోసే మడి. ఆ సంగతి తెలిసి కూడా అతని చెయ్యి మెడలోని తాడు మీదికి పోయింది. ఈల నోట పెట్టుకుని ఊపిరంతా పెట్టి ఊదాడు. ఆకారం ఉలిక్కిపడి తూలింది. పక్కనున్నది పట్టుకుంది. ఇద్దరూ తొందర తొందరగా తాడు దాటి వార్డు నీడలోకి వెళ్ళిపోయారు. ఇంతలో లారీలోంచి బిళ్ళల వరస ఒకటి జారి పగలడంతో అతను అటు తిరిగాడు.

సాయంత్రం నమాజు దాటాక వార్డులోకి వెళ్ళేసరికి నబవియా కళ్ళు మూసుకుని ఉంది. ఊపిరి తీసినప్పుడల్లా గొంతులో గులకరాయి దొర్లినట్టు చప్పుడు. అతను దూది తడిపి పెదాలు తుడిచాడు. ఆమె కళ్ళు తెరిచింది.

"ఏమన్నారు?"

"నీ సవతినే ఎంచుకున్నారు," అన్నాడు. అబద్ధం చెప్పడం అతనికి రాదు. "గేటునుంచి మెట్లదాకా అంతా అదే."

"మంచిది. మెత్తగా ఉంటుంది."

"నీకెలా తెలుసు?"

ఆమె కొంచెంసేపు ఊపిరి కూడదీసుకుని, "మధ్యాహ్నం ఈల వినబడింది. ఎవరి మీద?" అంది.

"ఎవరో ముసలమ్మ. మడిలోకి దిగింది."

"ముసలమ్మా?" నబవియా పెదాల చివర్లు కదిలాయి. నవ్వో, నొప్పో చెప్పలేం. "గట్టిగానే ఊదావులే."

ఆమె మళ్ళీ కళ్ళు మూసుకుంది. అతను చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. ఇన్నేళ్ళ కాపురంలో పగటిపూట, పదిమంది మధ్య ఆమె చెయ్యి పట్టుకున్నట్టు అతనికి గుర్తులేదు. అరచెయ్యి గరుకుగా, బరువు లేకుండా ఉంది. తల్లికి చెప్పని ఆ మాట ఇప్పుడు చెబుదామా అనుకున్నాడు. నాలుక కొసదాకా వచ్చింది. పక్క మంచం ముసలామె దగ్గింది. షైమా నీళ్ళ సీసా కోసం వంగింది. అందరూ ఉన్నారు, కాసేపాగి చెబుదామనుకున్నాడు. పొద్దుగూకింది, మసీదులోంచి మగ్రిబ్ బాంగు మొదలైంది. అది ముగిసేసరికి గొంతులో ఆ చప్పుడు లేదు. మొదట అతను ఆమె నిద్రపోయిందనే అనుకున్నాడు.

నర్సు వచ్చి చూసి, దుప్పటి ముఖం మీదికి లాగింది. షైమా గట్టిగా ఏడవబోయి, అతని ముఖం చూసి ఆపుకుంది. ఊళ్ళోంచి నబవియా తమ్ముడు వాను తీసుకుని బయలుదేరాడని ఎవరో చెప్పారు. బయూమి ఆమె సామాను మూటకట్టడానికి మంచం కిందికి వంగాడు. ఒక దువ్వెన, ఒక గ్లాసు, నల్ల ముసుగు. ఒక నీలం ప్లాస్టిక్ చెప్పు. చెయ్యి చాచి వెతికాడు.

"రెండోది ఏదమ్మా?" అన్నాడు షైమాతో.

షైమా చెప్పకుండా ఉండలేకపోయింది. మధ్యాహ్నం పిన్నికి కాస్త ఓపిక వచ్చిందనీ, ఒక్కసారి కిందికి తీసుకెళ్ళమని చేతులు పట్టుకుందనీ, ఆయన చూస్తే కోప్పడతాడు, అటు పోయేదాకా ఆగుదామందనీ చెప్పింది. మా అమ్మ దుప్పటే కప్పి తీసుకెళ్ళానంది. మడిలో నాలుగడుగులు వేసి, నిజంగానే మెత్తగా ఉందే అని మురిసిపోయిందట. ఈల వినగానే కాలు తడిమట్టిలో దిగబడి చెప్పు ఊడిపోయింది. దాన్ని తీద్దామంటే, "వద్దు, పోదాం పద, వస్తున్నాడు" అని వట్టికాలితో మెట్లెక్కేసిందట.

"మెట్లమీద కూర్చుని నవ్వింది బాబాయ్," అంది షైమా. "చివరికి నా మీద కూడా ఊదాడు చూడు అంటూ నవ్వింది. తర్వాత చాలాసేపు ఏడ్చింది. నీకు చెప్పొద్దంది."

బయూమి చేతిలోని చెప్పును బోర్లా తిప్పి చూశాడు. అడుగున మట్టి ఎండిపోయింది. దాన్ని ముసుగులో చుట్టి మూటలో పెట్టాడు. పెట్టాక, మూట ముడి వెయ్యడం చేతకానట్టు చాలాసేపు రెండు కొసలూ పట్టుకుని నిలబడ్డాడు. షైమానే ముడి వేసింది.

వాను వచ్చి మెట్ల దగ్గర ఆగింది. శవాన్ని ఎక్కించారు. బావమరిది అతని భుజం పట్టుకుని, "పద బావా, తెల్లారే పూడ్చాలి" అన్నాడు. బయూమి ఒక్క నిమిషమని చెప్పి, మూట చంకన పెట్టుకుని మడి దగ్గరికి వెళ్ళాడు. గోడవార జనం రొట్టెలు తింటున్నారు. ఒకతను తాడు పక్కనే అటూ ఇటూ నడుస్తూ, ఇతన్ని చూసి తప్పు చేసినవాడిలా ఆగిపోయాడు. వార్డు కిటికీల వెలుగు మడి మీద పడుతోంది. చెప్పు కనిపిస్తూనే ఉంది, చెయ్యి చాస్తే అందేదానికంటే కొంచెం ఎక్కువ దూరంలో.

అతను తాడు పట్టుకుని నిలబడ్డాడు. కాలెత్తాడు. ఆ కాలు తీగల మీద ఆనలేదు, వెనక్కే వచ్చింది. మళ్ళీ ఎత్తాడు. అప్పుడూ అంతే. గోడవార మనిషి, "ఏం కావాలి హాజీ, నేను తీసివ్వనా?" అని అడిగాడు. బయూమి తల అడ్డంగా ఊపాడు. వాను హారన్ మోగింది.

గేటు దాటిన వాను వెనక దీపాలు బజారు మలుపులో కలిసిపోయాయి. మడి మధ్యలో, మడమ పక్క అరిగిపోయిన నీలం చెప్పు తడిమట్టిలో సగం దిగబడి, బొటనవేలి పక్కను వార్డు మెట్ల వైపు పెట్టుకుని ఉంది.