పసుపుపచ్చ తలుపు

జగదల్‌పూర్‌లో నర్సింగు చదువు సోమక్కకు ఏడాది కూడా సాగలేదు. పుస్తకాల చదువు బాగానే వచ్చేది. వార్డులోకి అడుగుపెడితేనే తంటా. రక్తం కనబడితే కళ్ళు తిరిగేవి. ఒకరోజు సూదుల ట్రే చేతిలో ఉండగానే నేల మీద కూలబడింది. ఈ పని అందరికీ పడదమ్మా అని అక్కడి మేడమ్ మెల్లగానే చెప్పింది. ఎంత మెల్లగా చెప్పినా సోమక్కకు తల కొట్టేసినట్టయింది.

సొంతూరు కిష్టారంలో తల్లి సమ్మక్క తన బిడ్డ నర్సయి వస్తుందని ఊరంతా చెప్పుకుంది. ఏ మొహం పెట్టుకుని అక్కడికి పోవాలో తెలియక సోమక్క ఇనుప గనుల ఊరు బచేలి పోయే బస్సెక్కి, అక్కడ మేనమామ ఉప్పలయ్య దగ్గర దిగింది.

ఉప్పలయ్యది లారీలకు రంగులు వేసే పని. ఇనుపరాయి లారీలు వరసగా ఆగే చోట ఆయనకో రేకుల షెడ్డు ఉంది. లారీల మీద నంబర్లు, పూలతీగలు, వెనక చెక్కల మీద జంట నెమళ్ళు, అన్నీ ఆయన చేతివే. చిన్నప్పుడు ఎండాకాలం సెలవులకు వస్తే సోమక్క కూడా కుంచె పట్టేది. మామ గీసిన గీతలో రంగు నింపితే చుక్క పక్కకు పోయేది కాదు.

"ఉండరాదే పిల్లా కొన్ని దినాలు. మీ అమ్మకు నేను చెప్త," అన్నాడు ఉప్పలయ్య. అంతకుమించి ఏమీ అడగలేదు.

ఆ రోజుల్లోనే టౌన్‌షిప్ చివర ఒక ట్రస్టువాళ్ళు రెండు పాత ఇళ్ళు కలిపి ఒక కేంద్రం తెరుస్తున్నారు. గనుల్లో పనిచేసి రిటైరైన వాళ్ళలో డిమెన్షియా అనే మతిమరుపు జబ్బు వచ్చిన వాళ్ళు కొందరున్నారు. అలాంటి పెద్దవాళ్ళను ఇంటివాళ్ళు పొద్దున అక్కడ దింపి, సాయంత్రం తీసుకుపోతారు. గోడలకు, తలుపులకు రంగు వేసే పని ఉప్పలయ్యకు వచ్చింది. ఆయనకు మోకాళ్ళ నొప్పి. ఆ పనికి సోమక్క వెళ్ళింది. వాళ్ళు చెప్పినట్టే గోడలకూ తలుపులకూ అన్నిటికీ ఒకటే మీగడ రంగు కొట్టింది. కిటికీ చువ్వలు మిగిలి ఉండగానే కేంద్రం తెరిచారు.

రామలింగం గారు మొదట వచ్చినవాళ్ళలో ఒకరు. విజయనగరం వైపు మనిషి. గుట్ట మీది గనిలో ముప్పై ఏళ్ళు ఇనుపరాయి తవ్వే షావెల్ యంత్రం నడిపాడు. కన్నకూతురి పేరు ఒక్కోసారి గుర్తుండేది కాదు గానీ, ఇస్త్రీ చొక్కా నలగకుండా టక్ చేసుకోవడం మాత్రం మరిచిపోలేదు.

ఒకరోజు సోమక్క చువ్వలకు రంగు వేస్తుంటే ఆయన వరండాలోకి వచ్చాడు. ఎదురుగా నాలుగు తలుపులు. మొదటిది తోశాడు, తాళం వేసిన స్టోరు. రెండోది వంటిల్లు. మూడోదాని గొళ్ళెం పట్టుకుని ఊపాడు, రాలేదు. బాత్రూం నాలుగోది. అక్కడిదాకా వెళ్ళకుండానే ఆయన నిలబడిపోయాడు. ప్యాంటు తడిసింది. ఆయాగా పనిచేసే హిడ్మే పరిగెత్తుకొచ్చి తువ్వాలు చుట్టింది.

"నేను చంటిపిల్లాణ్ణా అమ్మా?" అని అడిగాడాయన. గోడకు చేయి ఆనించి, చప్పుడు లేకుండా ఏడ్చాడు.

సాయంత్రం ఆయన కూతురు వాసంతి వచ్చింది. ఆమె బడిలో టీచరు. తండ్రి నలుగురిలో చిన్నబోతున్నాడని, ఇక పంపనని, తానే ఉద్యోగం మానేసి ఇంట్లో చూసుకుంటానని చెప్పింది. ఈ నెలాఖరు దాకా ఆగమని కేంద్రం నడిపే జ్ఞానప్రసూన బతిమాలింది. కుంచెలు కడుక్కుంటూ సోమక్క అంతా వింది. ఆ రాత్రి అన్నం సరిగా తినబుద్ధి కాలేదు.

మర్నాడు పొద్దున్నే వెళ్ళి జ్ఞానప్రసూన ముందు నిలబడింది. "మేడమ్, తలుపులన్నీ ఒక్కతీరుగున్నయి కదా. ఆ బాత్రూం తలుపు ఒక్కదానికి వేరే రంగేస్తే ఆయనకు దొరుకుతదేమో."

జ్ఞానప్రసూన జగదల్‌పూర్ బట్టల కొట్టువాళ్ళ అమ్మాయి. ఆమె కూడా నర్సు కాదు. స్నానం, భోజనం, బట్టలు వేసుకోవడం లాంటివి మనిషి మళ్ళీ తనంతట తాను చేసుకునేలా చూసే చదువు చదివింది. ఆమె సోమక్కను కూర్చోబెట్టి మాట్లాడింది. ఈ జబ్బులో కళ్ళు బాగానే ఉన్నా, చూసిందేమిటో మెదడు తేల్చుకోలేదని, ఒకే రంగులో ఉన్నవి ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయని చెప్పింది.

"పెద్ద ఊళ్ళలో ఇదే పనిగా చేసేవాళ్ళున్నారు సోమక్కా. ఏ గోడకు ఏ రంగు వెయ్యాలి, లైటు ఎక్కడ పెట్టాలి, నేల ఎలా ఉండాలి, ఇవన్నీ చూస్తారు. వాళ్ళు సూది పట్టరు. ఆ సంగతి నేను పుస్తకంలో చదివాను గానీ నాకు కుంచె పట్టడం రాదు. నీకు వచ్చు. చేసి చూద్దాం."

అలాంటి పని ఒకటి లోకంలో ఉందని సోమక్కకు అప్పటిదాకా తెలియదు. ఆ ఉత్సాహంలో తనకు వచ్చినదంతా ఆ తలుపు మీద పెట్టింది. నెమలి పురి విప్పింది, ఇప్పచెట్టు పూసింది, తలుపు నెత్తిన 'బాత్రూం' అని అక్షరాలు చేరాయి. గడప ముందు నేల మీద అందంగా నల్లటి అంచు కూడా గీసింది. చూసినవాళ్ళంతా మెచ్చుకున్నారు.

రామలింగం గారు కూడా మెచ్చుకున్నాడు. నెమలి మెడ నిమిరాడు. గుట్ట మీద తెల్లవారుజామున నెమళ్ళు ఎలా అరిచేవో పక్కనున్నాయనకు చెప్పాడు. చెప్పి, వెనక్కి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. కాసేపటికి మళ్ళీ ప్యాంటు తడిసింది. రామసుబ్బమ్మ అనే పెద్దావిడ నల్ల అంచు దగ్గర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని ఆగిపోయింది. "ఇక్కడ గుంట ఎవరు తవ్వారే?" అంది. ఎంతమంది చెప్పినా అడుగు వెయ్యలేదు.

సోమక్క గరుకు కాగితం తెచ్చి నెమలిని గీకేసింది. నర్సు పని రాలేదు, ఇదీ రాలేదు అనుకుంటూ, కళ్ళలో నీళ్ళు తుడుచుకుంటూ గీకింది. కాగితం అరిగాక నేల మీద కూలబడింది. అక్కడినుంచి చూస్తే రామలింగం గారు కనిపించాడు. ఆయన తల వంచుకునే కూర్చుంటాడు, తల వంచుకునే నడుస్తాడు. తలుపు నెత్తిన రాసిన అక్షరాలు ఆయనకు ఎప్పుడూ కనబడే ఉండవు.

ఆ తర్వాత కొన్ని రోజులు ఆమె కుంచె ముట్టలేదు. ఆయన పక్క కుర్చీలో కూర్చుంది, ఆయన వెనకే నడిచింది, ఆయన చూసినవైపే చూసింది. ఎవరు పిలిచినా ఎత్తని తల ఒక్కదానికి లేచేది. రోడ్డు మీద గనిలో రాయి ఎత్తే పసుపుపచ్చ లోడరు బండి పోతే చాలు, కిటికీ వైపు తిరిగి అది మలుపు తిరిగేదాకా చూసేవాడు. ఆయన నడిపిన షావెల్‌ది కూడా ఆ రంగేనని వాసంతి చెప్పింది.

ఆ ఆదివారం కేంద్రానికి సెలవు. ఉప్పలయ్య షెడ్డు నుంచి యంత్రాలకు వేసే పసుపుపచ్చ ఎనామిల్ రంగు డబ్బా ఇచ్చాడు. సోమక్క బాత్రూం తలుపు నిండా అదే వేసింది. పువ్వు లేదు, నెమలి లేదు. మనిషి ఛాతీ ఎత్తున 'బాత్రూం' అని పెద్ద నల్లటి తెలుగు అక్షరాలు, పక్కన హిందీలో అదే మాట, కింద సులువైన ఒక బొమ్మ. మిగతా మూడు తలుపుల గొళ్ళేలకు కూడా గోడ రంగే వేసి, వాటిని గోడలో కలిపేసింది. నేల మీది నల్ల అంచు ఆనవాలు లేకుండా తీసేసింది. లోపల తెల్లటి కమోడ్‌కు ముదురు నీలం సీటు బిగించారు.

సోమవారం భోజనాలయ్యాక రామలింగం గారు కుర్చీలోంచి లేచాడు. హిడ్మే లేవబోతే జ్ఞానప్రసూన ఆమె చేయి పట్టుకుని ఆపింది. ఆయన వరండాలోకి వచ్చాడు, ఆగాడు. ఆయన తల మెల్లగా లేచింది. మూడు తలుపులూ దాటుకుని, తెలిసిన చోటికి పోతున్నట్టు నడిచి, పసుపుపచ్చ తలుపు తోసి లోపలికి వెళ్ళాడు. గడియ పడిన చప్పుడు హాలుదాకా వినబడింది.

బయటికి వచ్చేసరికి చేతులు కడుక్కుని, చొక్కా టక్ చేసుకుని ఉన్నాడు. రుమాలుతో చేతులు తుడుచుకుంటూ అందరి వంకా చూశాడు.

"టీ పెట్టలేదా ఇంకా? షిఫ్టు టైమవుతోంది," అన్నాడు దర్జాగా.

హిడ్మే నవ్వుతూ ఏడుస్తూ వంటింట్లోకి పరిగెత్తింది. జ్ఞానప్రసూన సోమక్కను గట్టిగా వాటేసుకుంది. ఈ గొడవేమీ పట్టని రామసుబ్బమ్మ తాపీగా వరండా దాటి తానూ వెళ్ళొచ్చింది.

ఆ వారమంతా ఆయనకు మార్చడానికి ఇంటినుంచి పంపే బట్టల సంచి విప్పే పని పడలేదు. వాసంతి బడి మానలేదు. ఒక సాయంత్రం ఆ తలుపు ముందు చాలాసేపు నిలబడి, మా ఇంటి తలుపులు కూడా చూడటానికి ఎప్పుడొస్తావని సోమక్కను అడిగింది. ఆమె ఇంటి తర్వాత మరో ఇల్లు, ఆ తర్వాత ఇంకోటి. ఎక్కడికెళ్ళినా సోమక్క ముందు డబ్బా మూత తియ్యదు. ఆ ఇంటి పెద్దమనిషి పక్కన కూర్చుంటుంది.

ట్రస్టువాళ్ళు ఆమెను హైదరాబాదు పంపి ఆ పనిలో శిక్షణ ఇప్పించారు, తిరిగి రాగానే ఉద్యోగం ఇచ్చారు. సమ్మక్క కిష్టారం నుంచి చూడవచ్చింది. రోజంతా ఒక మూల కూర్చుని, పెద్దవాళ్ళు ఎవరి దారిన వాళ్ళు తిరగడం చూసింది. పొద్దుగూకాక బిడ్డ చేతులు తన చేతుల్లోకి తీసుకుని, గోళ్ళ సందుల్లో ఎండిపోయిన రంగు తడిగుడ్డతో తుడుస్తూ కూర్చుంది. నర్సు మాట మళ్ళీ ఎత్తలేదు.

మరుసటేడు జగదల్‌పూర్‌లో ట్రస్టువాళ్ళే ఇలాంటి కేంద్రం, ఇంకా పెద్దది కట్టసాగారు. అక్కడి కాంట్రాక్టరు అద్దంలా మెరిసే టైల్స్ తెప్పించాడు. సోమక్క చూసి వద్దంది. ఈ మెరుపు వాళ్ళకు నీళ్ళలా కనబడుతుందని, అడుగు వెయ్యరని హిందీలో చెప్పింది. నర్సమ్మకు నేలతో ఏం పని అన్నాడతను.

"నేను నర్సును కాను. ఈ ఇంట్లో నేల, గోడ, తలుపు, లైటు చూసే పని నాది," అంది సోమక్క. టైల్స్ వెనక్కి వెళ్ళాయి.

తలుపుల దగ్గరికి వచ్చేసరికి కాంట్రాక్టరే పసుపుపచ్చ డబ్బాలు తెచ్చి పెట్టాడు, బచేలిలో అదేగా వేశారని. సోమక్క హాల్లోకి చూసింది. అక్కడ చేరబోయే వాళ్ళలో కోస అనే ముసలాయన కొడుకుతో కలిసి చూడటానికి వచ్చాడు. గని మొహం ఎన్నడూ చూడనివాడు, అడవి అంచున పొలం దున్నుకున్నవాడు. ఆయనకు పసుపుపచ్చ ఏం చెబుతుంది?

డబ్బాలు పక్కన పెట్టించి, సాయంత్రం దాకా ఆగమంది. కుర్చీ లాక్కుని కోస పక్కన కూర్చుని, కిష్టారంలో చిన్నప్పుడే నేర్చిన గోండిలో ఆయన ఊరి సంగతులు అడగడం మొదలుపెట్టింది. కాంట్రాక్టరు పనివాళ్ళను కూర్చోమని సైగ చేసి, తనూ గోడకు ఆనుకుని వినసాగాడు.