చెరి సగం

కట్టుగుడ్డలు ఉడుకుతున్న గిన్నె మీద మూత కాస్త జరిపి, పెద్దమ్మ మరో పేజీ తిప్పింది. ఆవిరికి కళ్ళజోడు మసకబారింది. ఏప్రన్ అంచుతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. ఆమె చేతిలో ఉన్నది సగం పుస్తకమే. వెనక అట్ట ఉంది, ముందు అట్ట లేదు. బ్లేడుతో కోసిన చోట దారాలు వేలాడుతున్నాయి.

ముందు సగం బస్సు దారికి అవతలి కొసన ఉన్న ఊళ్ళో, చిన్నమ్మ మంచం మీద ఉంది.

సువార్త పని మీద ఇద్దరూ పడుచు వయసులో ఒకే ఓడలో ఈ దేశం వచ్చారు. ఒకామె తాడిలా పొడుగు, రెండో ఆమె ఆమె భుజానికి కూడా అందదు. అందుకే జనం ఒకరిని పెద్దమ్మ అనీ ఇంకొకరిని చిన్నమ్మ అనీ పిలిచారు. అసలు పేర్లు వాళ్ళకే కొత్తగా వినిపించే రోజులొచ్చాయి. చిన్నమ్మకి అక్కడి బడి, పెద్దమ్మకి ఇక్కడి వైద్యశాల. పెద్దమ్మ దగ్గరకి వాక్యం వినడానికి వచ్చినవాళ్ళకంటే పుళ్ళు కడిగించుకోవడానికి వచ్చినవాళ్ళే ఎక్కువ. ఆ సంగతితో ఆమె ఎప్పుడో రాజీపడింది.

స్వదేశం నుంచి వచ్చే మందుల పెట్టెలో ఏటా ప్రసంగాల పుస్తకాలు ఉండేవి. ఇద్దరూ బుద్ధిగా చదివేవారు. కొన్నేళ్ళ కిందట ఒకసారి సీసాలు కదలకుండా ఎవరో మధ్యలో ఒక నవల కుక్కి పంపారు. నేను ముందంటే నేను ముందని ఇద్దరూ చిన్నపిల్లల్లా పేచీ పడ్డారు. చివరికి చిన్నమ్మ బ్లేడు తెచ్చి పుస్తకాన్ని నడిమికి కోసేసింది. ఆ తర్వాత ఏటా నవలలు కూడా రావడంతో ఇక అదే పద్ధతైంది. ముందు సగం చదివినవాళ్ళు దాన్ని బస్సులో పంపి, వెనక సగం మొదలుపెట్టాలి. ఇద్దరూ చదవడం అయ్యాక, గాయాలు కుట్టే దారంతో పెద్దమ్మ రెంటినీ కలిపి కుట్టేది. ముగింపు మాత్రం ఒకరికొకరు చెప్పుకోకూడదు. ప్రార్థనకి దాచుకోవలసిన పొద్దు ప్రేమకథలకి పోతోందేమోనని పెద్దమ్మ మొదట్లో నొచ్చుకుంది.

"ప్రభువు మాత్రం కథలు చెప్పలేదా ఏంటి, నోరు మూసుకుని చదువు" అంది చిన్నమ్మ.

చిన్నమ్మ పేజీ గుర్తుకి తలపిన్ను పెట్టేది. పుస్తకం నడుస్తున్నన్ని రోజులూ ఆమె జుట్టు ఒక చెవి మీదికి జారుతూనే ఉండేది. పూర్తయ్యాకే పిన్ను మళ్ళీ తలలోకి చేరేది.

కథ ఎందాకా వచ్చిందో ఇద్దరి మధ్యా కబుర్లు మోసేది బస్సు కండక్టరు. గుమ్మంలో వేలాడుతూ గట్టిగా అరిచి చెప్పేవాడు గనక బస్సంతా వినేది. ఒక నవలలో నిండు చూలాలు కష్టాలు పడుతోందని విని, ఆవిడ పెద్దమ్మ చుట్టమే అనుకుని, ఎవరో ప్రయాణికురాలు పసిబిడ్డ చొక్కాలు మూటగట్టి పంపింది. చిన్నమ్మ ఆ చొక్కాలు చూసి కడుపు పట్టుకుని నవ్వింది. పెద్దమ్మకి మాత్రం కళ్ళు చెమర్చాయి.

ఇప్పటి నవలలో ఒంటరి ఆడమనిషి ఒకామె రేవులో పడవ నడుపుతుంది. గడియారాలు బాగుచేసేవాడొకడు ఏటా వానాకాలంలో వచ్చి ఆమె తలుపు తట్టి, తీయకపోతే తిరిగి వెళ్ళిపోతుంటాడు. ఈ ఏడైనా తీస్తుందా?

"వాడికి సిగ్గు లేదు, ఆవిడకి జాలి లేదు" అంది వంటామె, ముందు గదిలో నిండిపోయిన జనాన్ని చూపిస్తూ. "ఆ పుస్తకం అవతల పెట్టండమ్మా. కాలు కాలిన పిల్ల ఏడుస్తోంది."

పెద్దమ్మ పుస్తకాన్ని ఏప్రన్ జేబులో పెట్టుకుని వెళ్ళింది. పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, పాట పాడుతూ, ఎప్పుడు తడిపిందో ఎప్పుడు ఊడదీసిందో తెలియకుండా పాత కట్టు తీసింది. అంతలోనే బస్సు హారను మోగింది.

ఈసారి కండక్టరు అరవలేదు. మెట్టు మీద వంగి, మామూలు గొంతుతో చెప్పాడు.

"మిగతాది చదివినా చదవకపోయినా ఇచ్చి పంపమన్నారు చిన్నమ్మగారు. మీది నత్త చదువంట. ఈసారి అంతదాకా ఆగే ఓపిక లేదన్నారు."

చిన్నమ్మ మంచం పట్టి నెలలైంది. అయినా ఒక్కసారీ ఇలా వరస తప్పించి అడగలేదు. పెద్దమ్మ చెయ్యి బస్సు కమ్మీ మీదికి వెళ్ళింది, ఒక కాలు మెట్టెక్కింది కూడా. వెనక పిల్ల ఏడుపు మళ్ళీ అందుకుంది. కట్టు విప్పిన కాలు.

ఆమె కాలు దించింది. జేబులోంచి పుస్తకం తీసి, తను ఆగిన పేజీ మూల మడవబోయి, మానేసి, అలాగే ఇచ్చేసింది.

"శనివారం వస్తానని చెప్పు. అప్పటిదాకా అల్లరి చెయ్యకుండా పడుకోమను."

మిగతా రోజంతా ఎప్పటిలాగే నడిచింది. ముసలి వడ్రంగి పుండు చూపించుకుంటూ, గడియారాలవాడు తలుపు బద్దలుకొట్టినా తప్పులేదనీ, కావాలంటే కొత్త తలుపు తను చేసిస్తాననీ అన్నాడు. పెద్దమ్మ నవ్వింది. మధ్యాహ్నం చెయ్యి రెండుమూడుసార్లు ఖాళీ జేబులోకి పోయి వెనక్కి వచ్చింది. ఎండ తగ్గాక గుడ్డలు ఆరేసి, సూదులు తుడిచి సర్దింది.

సాయంత్రం బస్సు హారను మోగించకుండానే వచ్చి ఆగింది. కండక్టరు కిందికి దిగాడు. అతను దిగడం ఆమె ఎప్పుడూ చూడలేదు. రెండు సగాలూ రెండు చేతులతో అందించాడు.

"పొద్దు వాలేదాకా చదువుతూనే ఉన్నారంటమ్మా. చివరికేమైందని పక్కింటావిడ అడిగితే నవ్వారంట. నేను చెప్పను, పెద్దమ్మనే చదువుకోమను, బస్సుకి ఇచ్చి పంపు అన్నారంట. కాసేపు కళ్ళు మూసుకుంటానని అటు తిరిగి పడుకున్నారంట. ఇక లేవలేదమ్మా."

నేల చూస్తూ అన్నాడు. "రేపు మొదటి బస్సులో మీకు ముందు సీటు ఉంచుతాను."

పెద్దమ్మ తల ఊపింది. బస్సులోవాళ్ళంతా కిటికీల్లోంచి చూస్తున్నారు. ఆమె వెనక సగం తెరిచింది. తలపిన్ను ఉంది. దాని తర్వాత ఇంకా కొన్ని కాగితాలు మిగిలే ఉన్నాయి.

అయితే దానికీ తెలియదన్నమాట. తెలిసినట్టే నవ్వింది, దొంగ.

"ఇంతకీ తలుపు తీసిందా అమ్మా ఆవిడ?" కండక్టరు మెల్లగా అడిగాడు.

"ఇంకా చదువుతున్నామయ్యా" అంది పెద్దమ్మ.

లోపలికి వచ్చి కిటికీ దగ్గర వెలుగులో కూర్చుని, గాయాలు కుట్టే సూదిలోకి దారం ఎక్కించింది. తొందరపడకుండా, కుట్టు తర్వాత కుట్టు, రెండు సగాలనీ ఒకటి చేసింది. పుస్తకం మూసి బల్ల మీద పెడితే అది పూర్తిగా మూసుకోలేదు. ఆ కొద్ది కాగితాల ముందు, ఒక నెరిసిన వెంట్రుక చుట్టుకుని, తలపిన్ను అలాగే ఉంది.