ఆనకట్ట లేని పటం

1972 నవంబర్ ఏడున, ఓట్లు లెక్కపెడుతున్న రాత్రి, ఎల్డన్, అతని భార్య ఆర్డిస్ తిన్నది చిల్లీ అనే మాంసం, చిక్కుడుగింజల కూర, దానితో తియ్యటి దాల్చినచెక్క రోల్స్. కాన్సస్‌లో చిల్లీ పక్కన ఇంకేం తింటారు గనుక! ఆర్డిస్ తన రోల్‌ని చిల్లీలో ముంచుకుంటూ, రేడియోలో తన ఓటమి తనే విని, "పోనీలే ఎల్డన్, రేపు నేను బడికి సెలవు పెట్టక్కర్లేదు" అంది. రాష్ట్ర సెనేట్‌కి ఆమె నిలబడింది ఆ ఒక్కసారే.

ఆర్డిస్ పోయాక ఇది నాలుగో శరత్కాలం. ఎల్డన్ ష్రేడర్‌కి ఇప్పుడు ఒకటే కోరిక. ఊరి లైబ్రరీ కింది గదిలో పటాల క్లబ్బు ఏటా పెట్టే ప్రదర్శనలో, ఆర్డిస్ గెలిచిన పటం ఒకటి గోడకి వేలాడాలి.

జరగని ఎన్నికలకు పటాలు గీసేవాళ్ళు ఆ క్లబ్బువాళ్ళు. ఫలానా రైలుదారి పడకపోయుంటే, ఫలానా కరువు రాకపోయుంటే జనం ఎవరిని గెలిపించేవారో ఊరూరికీ అంచనా కట్టి రంగులు నింపుతారు. రిపబ్లికన్లకు ఎరుపు, డెమొక్రాట్లకు నీలం. నీళ్ళను తెల్లగా వదిలేస్తారు. నియమం మాత్రం గట్టిది: మార్చేది ఒక్క సంగతే. మిగిలినవన్నీ దాని వెంట వాటంతట అవే జరగాలి. గీసేవాడి మనసు ఎటు మొగ్గినా పెన్సిల్ అటు మొగ్గకూడదు.

ఎల్డన్ మార్చింది ఆనకట్టను. ఎన్నికలకు మూడేళ్ళ ముందు ఏటికి అడ్డంగా అది కట్టకపోయుంటే, ఆర్డిస్ పుట్టిన హార్మన్స్ బెండ్ లోయ మునిగేది కాదు. జనం చెల్లాచెదురయ్యేవారు కాదు. అందరూ తమ పిల్లకే ఓటేసేవారు. అలా ఊహించి, వారమంతా కూర్చుని గీసిన పటాన్ని బల్ల మీద పరిచాడు.

నోరీన్ ప్లట్‌నర్ కళ్ళజోడు సర్దుకుని వంగింది. రోడ్ల శాఖలో పటాలు గీసి రిటైరైన మనిషి. ఎదుటి పక్షంవాళ్ళని ఇంత మర్యాదగా చూడొచ్చా అని ఆమె పటాల ముందు నిలబడ్డప్పుడల్లా ఎల్డన్‌కి అనిపించేది. తనకు గిట్టని అభ్యర్థి గెలిచిన పల్లెలకీ ఆమె అంతే ఓపిగ్గా, అంచు దాటకుండా రంగు వేసేది.

"ఏమయ్యా ఎల్డన్, ఆనకట్ట కట్టలేదన్నావు గదా?"

"కట్టలేదు."

"మరి ఈ చెరువెక్కణ్ణుంచి వచ్చింది?"

పక్కన కుర్చీలో ఉన్న రైతు డ్వేన్ పగలబడి నవ్వాడు. "ఆనకట్టనైతే ఆపాడు గానీ నీళ్ళకి కబురు పంపడం మర్చిపోయాడు!"

ఎల్డన్ చూసుకున్నాడు. ఇప్పటి పటాన్ని కింద పెట్టి దాని మీదే దిద్దాడు. క్లబ్బులో కొత్తగా చేరినవాళ్ళు చేసే పొరపాటు. ఆర్డిస్ ఊరిని తన చేత్తో మళ్ళీ ముంచాడు.

"నీ మొదటి పటంలో, అసలు రాష్ట్రంలోనే లేని కౌంటీకి రంగేశావు డ్వేన్, గుర్తుందా? నోర్మూసుకో" అంటూ నోరీన్ అరలోంచి ఆనకట్టకు ముందటి పాత పటం తీసింది. పల్చటి కాగితం పరిచి లోయనంతా ఎత్తి గీసింది. బడి, చర్చి, ధాన్యం గాదె, ఏటి వంపు. నీళ్ళ కిందినుంచి ఊరు మెల్లగా పైకి తేలుతున్నట్టుంది. ఎల్డన్ దాని మీదికి వంగాడు.

"ఇక్కడ ఏ రంగు వేద్దాం?"

"నీలం. ఆర్డిస్‌కి."

"వీళ్ళెప్పుడైనా నీలానికి వేశారా?"

"లేదు. వాళ్ళ నాన్నైతే భోజనాల దగ్గర డెమొక్రాట్ అనే మాటే రానిచ్చేవాడు కాదు. కానీ ఆర్డిస్‌కి వేసేవాళ్ళు."

"ఎందుకని?"

"ఎందుకంటే, ఇంకో ఊరికి ఆ గతి పట్టకూడదని ఆమె..." ఎల్డన్ నోట మాట ఆగిపోయింది.

నోరీన్‌కి అర్థమైంది. అయినా ఆ మాట తను అనలేదు. పెన్సిల్ చెక్కుకుంటూ కూర్చుంది. ఆ కాస్త వ్యవధీ ఆమె తనకిచ్చిందని ఎల్డన్‌కి తెలుసు.

"ఊరు మునక్కపోతే ఆర్డిస్ నిలబడేదే కాదు" అన్నాడు చివరికి. "నేనూ ఆమెని చూసేవాణ్ణి కాదు. ఊరు ఖాళీ చేస్తున్నప్పుడు బడి సామాను మొయ్యడానికి సాయం వెళ్ళాను. బెంచీకి ఒక కొస నేను పట్టుకుంటే రెండో కొస ఆమె పట్టుకుంది."

డ్వేన్ టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "అయితే ఇంకేదన్నా మార్చు నోరీన్. ఆ గెలిచినవాడికి జ్వరం తెప్పించు."

"తెప్పిస్తాను, నాదేం పోయింది. ఆర్డిస్ ఒప్పుకుంటుందా?"

ఎల్డన్‌కి నవ్వొచ్చింది. "జ్వరమని తెలిస్తే సూప్ కాచి పట్టుకెళ్ళేది."

పల్చటి కాగితాన్ని తనే మడిచి నోరీన్‌కిచ్చాడు. "నీళ్ళు అక్కడే ఉండనీ. జరిగింది జరిగినట్టే గీస్తాను."

నోరీన్ 1972 ఎన్నికల ఓట్ల లెక్కలు చదువుతుంటే ఎల్డన్ రంగు వేస్తూ పోయాడు. ఎరుపు, ఎరుపు, మళ్ళీ ఎరుపు. చెరువుకి తూర్పున ఉన్న టౌన్‌షిప్పులనే పల్లె ప్రాంతాల దగ్గరికి వచ్చేసరికి ఆమె గొంతు కాస్త మారింది.

"నీలం. దీని పక్కదీ నీలమే. ఆ పై దానికీ నీలమే వెయ్యి. వీటిల్లో అంతకుముందెప్పుడూ నీలం లేదు, ఎల్డన్."

అతని చెయ్యి ఆగింది. లోయలోంచి లేచిపోయినవాళ్ళు ఇళ్ళు కట్టుకున్నది అక్కడే. ఆర్డిస్ తండ్రి కూడా. ఓడిపోయిందన్న కబురే ఇన్నేళ్ళూ ఎల్డన్, ఆర్డిస్‌ల ఇంట్లో ఉంది. ఎవరెవరు ఆమెకి వేశారో ఇద్దరూ ఎప్పుడూ వెతుక్కోలేదు. ఎల్డన్ పెన్సిల్ గట్టిగా అదిమి, అంచు దాటకుండా నింపాడు.

"మనం గోడకి పెట్టేది జరగనివాటినే గదా?" అన్నాడు డ్వేన్, మెల్లగానే.

"ఆ ఊళ్ళు నీలానికి తిరుగుతాయని ఆ ఏడు చెప్పుంటే నువ్వు నమ్మేవాడివా?" అంది నోరీన్. "మేకు ఇలా ఇయ్యి."

మధ్య గోడకి, అందరి పటాల నడుమ, దాన్ని వేలాడదీశారు. లైబ్రరీ మూసే వేళైంది. డ్వేన్ కుర్చీలు సర్దాడు, నోరీన్ దీపాలార్పింది. తాళంచెవి ఎల్డన్ దగ్గరుంది. గుమ్మంలో నిలబడి ఒకసారి లోపలికి చూసి, నిద్రపోతున్నవాళ్ళు లేస్తారేమో అన్నట్టు చప్పుడు కాకుండా తలుపు వేశాడు.