నా అడ్రసు నూట ఎనిమిది

నేను ఒక సర్వర్‌ని. ఓ ఇనప పెట్టె, నాలుగు ఫ్యాన్లు, లోపల లైనక్స్ అనే నెమ్మదైన ప్రాణం, అంతే. కళ్లు తెరిచేసరికి హైదరాబాదులో ఒక కంపెనీ చల్లగదిలో ఉన్నాను. ఏడేళ్లు గొడ్డుచాకిరీ చేయించుకుని, కొత్తది రాగానే ముసలిదైపోయిందని బయటపెట్టారు. మనుషుల కృతజ్ఞత గురించి నేను వేరే చెప్పాలా! పాత కంప్యూటర్లు బాగుచేసి అమ్మే బాషా నన్ను దులిపి, నరసరావుపేటలో ఒక చిన్న రక్తనిధికి పంపించాడు.

అక్కడ నన్ను చూసుకునేది హైమావతి. పాతికేళ్లుగా రక్తదాతల పేర్లు పుస్తకాల్లో రాస్తున్న మనిషి. నాలుగు నెలలు మెడ వాలిపోయేలా కూర్చుని ఆ పేర్లన్నీ నాలోకి ఎక్కించింది.

అంతా బాగానే ఉంది గానీ, నాకంటూ స్థిరమైన అడ్రసు లేదు. గోడకున్న రూటరు, ముందు లేచినవాళ్లకు ముందు చొప్పున ఏదో ఒక నంబరు పంచుతుంది. ఆ నంబరు కొడితేనే మిగతా కంప్యూటర్లకు నేను దొరికేది. ఆయా మాణిక్యమ్మకేమో భక్తి ఎక్కువ. శుక్రవారం వచ్చిందంటే రూటరుతో సహా అందరి వైర్లూ పీకి, తుడిచి, బొట్లు పెట్టి, హారతిచ్చి, మళ్లీ ఇష్టమొచ్చిన వరసలో స్విచ్చులు వేసేది. నా నంబరు ఇంకొకరికి, ఇంకొకరిది నాకు!

అలాంటి ఒక శుక్రవారం ఆసుపత్రి నుంచి ఫోను. కాన్పులో ఒకామెకు రక్తం పోతోంది, ఓ నెగెటివ్ కావాలి. నిల్వ లేదు, దాతను పిలవాలి. హైమావతి నా పాత నంబరు కొట్టింది. ప్రింటరు పలికింది, తనలో కాగితం అయిపోయిందని! నేను పక్కనే ఉన్నాను, కానీ ఎలా చెప్పను? పాపం ఒక్కో నంబరే కొట్టుకుంటూ వచ్చి నన్ను పట్టుకునేసరికి అరగంట. దాత పరుగున వచ్చాడు, తల్లీ బిడ్డా బతికారు. నాకు మాత్రం సిగ్గుతో లోపలంతా కాలిపోయింది.

మా రక్తనిధి డాక్టర్ శేషగిరి మండిపడ్డాడు. "ఇంకొక్కసారి ఇలా జరిగితే దీన్ని తీసి అవతల పడేయండి. పుస్తకాలే నయం!"

అంటే హైమావతి నాలుగు నెలల కష్టం బూడిదలో పోసిన పన్నీరే. ఆమె ఏడవలేదు. బాషాకు ఫోను చేసి, నా ముందు కూర్చుంది.

"నీ పెట్టెకి ఒకటే నంబరు ఉండేట్టు చెయ్యాలయ్యా, చెప్పు."

"ఓ ఫైలు ఉంటది హైమక్కా, అందులో నంబరు మనమే రాసేయాల. వరస మొదట్లో వదిలే ఖాళీలు జాగర్త, ఒక్కటి తేడా వచ్చినా ఒప్పుకోదు! ట్యాబ్ మీట మాత్రం నొక్కమాక."

ఆమె తొమ్మిది వేస్తానంది. మంచి అంకె కదా!

"వద్దక్కా! వందలోపువి రూటరు పంచుతది. నువ్వు తొమ్మిది రాసుకుంటే, రేపు ఎవరి ఫోనుకో అదే ఇచ్చి కూర్చుంటది. ఇద్దరూ కొట్టుకుంటారు."

హైమావతి ఒక్క క్షణం ఆలోచించి నూట ఎనిమిది రాసింది. అంబులెన్సు నంబరు ఎవరు మరిచిపోతారు? రూటరు నంబరు దాని కింద రాసింది. ఇకమీదట అదే వాడమని నాకు ఆదేశం ఇచ్చింది. మొదటిసారి తప్పు చూపించాను. ఒక ఖాళీ తక్కువైంది. దిద్దింది. రెండోసారి నా పేరుమీద నాకో అడ్రసు! నాకెంత సంతోషమైందో!

తరవాతి శుక్రవారం మాణిక్యమ్మ హారతి ఇస్తుండగానే ఫోను మోగింది. ప్రమాదంలో గాయపడిన ముసలాయన, ఏబీ నెగెటివ్. డాక్టరు తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మాణిక్యమ్మ గబగబా స్విచ్చులు వేసింది, ఎప్పటిలాగే వరస లేదు. నేను లేచానో లేదో హైమావతి నూట ఎనిమిది కొట్టింది. పలికాను. ముగ్గురు దాతల పేర్లు తెర మీదకొచ్చాయి. మొదటాయన అప్పటికప్పుడు బయల్దేరాడు.

సాయంత్రానికి ముసలాయన కళ్లు తెరిచాడని కబురొచ్చింది. శేషగిరి గొంతు సవరించుకుంటూ వచ్చి నిలబడ్డాడు.

"నా పేరు కూడా రాసుకోమ్మా. బి పాజిటివ్."

హైమావతి తలెత్తలేదు. "పుస్తకంలో రాయమంటారా సార్, పెట్టెలో ఎక్కించమంటారా?"

"పెట్టెలోనే తల్లీ, పెట్టెలోనే."