పడవ సినిమాకు చెప్పిన తెలుగు

ఆ రోజుల్లో బోధన్‌లో రష్యా సినిమా చూడాలంటే చక్కెర ఫ్యాక్టరీ కాలనీ క్లబ్బుకు పోవాల్సిందే. చెరుకు ఆడే కాలంలో నెలకోసారి హైదరాబాద్ బస్సు మీద నుంచి సినిమా రీళ్ల రేకు పెట్టె దిగేది. రేడియోలు బాగుచేసే సిరాజ్ దాన్ని రిక్షాలో తెచ్చి, క్లబ్బు ముందు మైదానంలో తెల్లగుడ్డ కట్టి ప్రొజెక్టర్ నడిపేవాడు. ఫ్యాక్టరీ ల్యాబులో కెమిస్టుగా ఉన్న బ్రహ్మానందం పక్కన కుర్చీ వేసుకుని, మైకు పట్టుకుని, తెర మీద వాళ్లు మాట్లాడేదంతా తెలుగులో చెప్పేవాడు. ఆయనది తెనాలి వైపు. భిలాయి ఉక్కు ఫ్యాక్టరీలో రష్యన్ ఇంజనీర్ల దగ్గర కొన్నేళ్లు పనిచేసి ఆ భాష నేర్చుకున్నాడు.

ఆ సినిమాల్లో పాటలుండవు, హీరో పదిమందిని కొట్టడు. అయినా జనం అలవాటుపడ్డారు. మొదటిసారి తెరంతా మంచు కనిపించినప్పుడు చెరుకు కాంటా దగ్గర పనిచేసే హన్మండ్లు లేచి నిలబడి, "గదంత శక్కరేనా సారూ?" అని అడిగాడు. అందరూ నవ్వారు. కానీ ఆ మంచులో తాతలూ పిల్లలూ ఇళ్లు వదిలి నడిచిపోతుంటే నవ్వినవాళ్లే నోళ్లు మూసుకున్నారు. తర్వాత నెల హన్మండ్లు భార్యనూ వెంట తెచ్చుకున్నాడు.

సిరాజ్ చెల్లెలు గౌహర్ ఆడవాళ్ల వైపు ముందు చాప మీద కూర్చునేది. ఉర్దూ బడిలో టీచరు. కథ కన్నా ఆమెకు ముఖాలు ముఖ్యం. మరునాడు బడిలో సినిమా గురించి అడిగితే, "మన సినిమాల ఏడ్పంటే ఏడుస్తనే ఉంటరు. ఆళ్లు ఏడ్వకుంట ఆపుకుంటరు. గందుకే మనకు ఏడ్పు ఆగది" అనేది. పక్క ఊళ్లలో ఏ కొత్త సినిమా ఆడుతోందన్నా ఆమెకు పట్టేది కాదు. రేకు పెట్టె వచ్చిందంటే మాత్రం వంట పని ముందే ముగించుకునేది.

ఆమె భర్త అయ్యూబ్ మిలిటరీలో లారీ డ్రైవరు. అరవై అయిదు యుద్ధంలో పంజాబ్ సరిహద్దు దగ్గర కనిపించకుండా పోయాడని టెలిగ్రాం వచ్చింది. చనిపోయాడనలేదు, బతికున్నాడనలేదు. పెళ్లయి రెండేళ్లు నిండలేదు. గౌహర్ పుట్టింటికొచ్చి అన్నావదినల దగ్గర, తల్లి కుబ్రా బేగం దగ్గర ఉండిపోయింది.

ఆ మరుసటి చలికాలం వచ్చిందే పడవ సినిమా. దానికి రష్యాలో ఏం పేరో ఎవరికీ గుర్తులేదు. బోధన్ మొత్తం పడవ సినిమా అనే పిలిచింది. పెద్ద నది. మగవాళ్లంతా యుద్ధానికి పోతే ఒకామె రేవులో పడవ నడుపుతుంది. భర్తను కూడా తన చేతులతోనే తెడ్డు వేసి అవతలి ఒడ్డుకు దించుతుంది. ఆ తర్వాత నది దాటించే ప్రతి సిపాయినీ భర్త పేరు చెప్పి అడుగుతుంటుంది. ఎవరూ చూడలేదంటారు. చివరికి ఒక చెయ్యి పోయిన సిపాయి పడవ ఎక్కి, ఆమె ముఖంలోకి చాలాసేపు చూసి, రెండు మాటలు చెబుతాడు. ఆమె తెడ్డు ఆపేస్తుంది. పడవ నీళ్లతో పాటు కొట్టుకుపోతుంటుంది. అక్కడితో అయిపోతుంది.

ఆ రెండు మాటలు మైకులో ఇలా వినిపించాయి: "నీ మనిషి బతికే ఉన్నాడమ్మా. ఎంత ఆలస్యమైనా సరే, తన కోసం ఎదురుచూడమన్నాడు."

మైదానంలో చప్పట్లు మోగాయి. హన్మండ్లు భార్య కొంగుతో కళ్లు తుడుచుకుంది. గౌహర్ మాత్రం వెళ్లేటప్పుడు బ్రహ్మానందం దగ్గర ఆగింది.

"సార్, మనిషి బతికిండంటే ఆమె మొకం గట్లెందుకు పెట్టింది? తెడ్డెందుకు ఇడిశిపెట్టింది?"

బ్రహ్మానందం మైకు తీగ చుట్టుకుంటూ తల ఎత్తలేదు. "ఆనందం ఎక్కువైనా అంతేనమ్మా. చేతులాడవు."

గౌహర్ ఆ మాట నమ్మింది. నమ్మడం ఆమెకు అవసరంగా కూడా ఉంది. జనం అడిగి అడిగి ఆ సినిమాను మళ్లీ తెప్పించారు. రెండోసారీ అవే మాటలు. ఈసారి ఆ ముఖంలో ఆమెకు ఆనందమే కనిపించింది.

కొన్నాళ్లకు మిలిటరీ వాళ్లు అయ్యూబ్ చనిపోయినట్టే లెక్కించామని తెలియజేశారు. బంధువులు వచ్చి ఏడ్చి పోయారు. గౌహర్ ఏడవలేదు. చనిపోయినవాళ్ల పేరున చదివించే ఫాతెహా చేయిద్దామంటే ఒప్పుకోలేదు. డిచ్‌పల్లి ఆసుపత్రిలో మందులిచ్చే ఎజాజ్ ఆమెను చేసుకుంటానని కబురు పంపాడు. నెమ్మదస్తుడు. పక్షవాతంతో మంచాన పడ్డ కుబ్రా బేగంకు మందులు తెచ్చిస్తూ ఆ ఇంటికి అలవాటైన మనిషి. గౌహర్‌తో సినిమాల గురించి గంటలు మాట్లాడేవాడు. అభ్యంతరం లేదని కాజీ సాబ్ కూడా చెప్పాడు.

సిరాజ్ ఆ మాట ఎత్తిన రోజు గౌహర్ దుకాణంలో అన్న ఎదుట స్టూలు మీద కూర్చుంది.

"ఎజాజ్ మంచోడే, భాయిజాన్. కాదంట లేను. నా మనసుకు గూడ..." అని ఆగిపోయింది. "కాని గా పడవ ఆమె ఏం జేసింది? ఎదురుసూసింది. బతికే ఉండె గద! సినిమా పిచ్చి అనుకో, ఏమన్న అనుకో. నేను గూడ ఎదురుసూస్త."

సిరాజ్ చేతిలో విప్పిన రేడియో ఉంది. దానివైపే చూస్తూ కూర్చున్నాడు. "నీ ఇష్టం" అన్నాడు చివరికి.

ఎజాజ్ ఏడాది చూశాడు. ఆ తర్వాత నిర్మల్ వాళ్ల అమ్మాయిని చేసుకున్నాడు. కుబ్రా బేగం మంచం మీద నుంచి మళ్లీ లేవలేదు. గౌహర్ బడి, తల్లి సేవ, నెలకో సినిమా. అలా తల్లి పోయేదాకా గడిచింది.

డెబ్బై నాలుగులో నిజామాబాద్‌లో ఒక టాకీసు వాళ్లు వారంపాటు ఉదయం ఆటలకు సోవియట్ సినిమాలు వేశారు. హిందీ మాటలు కలిపిన ప్రింట్లు. వాల్‌పోస్టర్‌లో నదినీ పడవనూ చూసి గౌహర్ అక్కడే నిలబడిపోయింది. తన స్నేహితురాలు చెంచులక్ష్మిని ఒప్పించి బస్సెక్కించింది. చెంచులక్ష్మి బోధన్ దగ్గర వలస వచ్చిన ఆంధ్ర రైతుల క్యాంపులో పెరిగిన పిల్ల, ఆడపిల్లల బడిలో టీచరు. దారంతా గౌహర్ ఆమెకు సినిమా కథ చెబుతూనే ఉంది. ఏ చోట ఆ నటి కళ్లు ఎత్తుతుందో, ఏ చోట నీళ్ల చప్పుడు తప్ప ఏమీ వినిపించదో అన్నీ చెప్పింది. ముగింపు కూడా చెప్పింది.

తెర మీద ఒంటిచెయ్యి సిపాయి నోరు విప్పాడు. గౌహర్ పుట్టినప్పటి నుంచి వింటున్న భాషకు దగ్గరి భాషలో స్పష్టంగా చెప్పాడు. నీ మనిషిని నా చేతులతోనే పూడ్చిపెట్టాను. ఎదురుచూడొద్దని నీతో చెప్పమన్నాడు.

పడవ ఆమె తెడ్డు ఆపేసింది.

"అదేంటి గౌహర్?" చెంచులక్ష్మి గుసగుసగా అడిగింది. "నువ్వు చెప్పింది వేరే కదా?"

గౌహర్ ఆ ముఖాన్నే చూస్తోంది. అందులో ఆనందం ఎక్కడా లేదు. మొదటిసారీ లేదు, రెండోసారీ లేదు. ముఖాలు చదవడం తనకు తెలుసని ఊరంతా చెప్పుకున్న మనిషి తను. దీపాలు వెలిగాక కూడా కుర్చీలోంచి లేవలేకపోతే చెంచులక్ష్మి చెయ్యి పట్టి లేపింది.

హిందీలో మాటలు తప్పు రాశారేమోనన్న ఆశ ఇంకా మిగిలి ఉంది. బోధన్‌లో బస్సు దిగి నేరుగా కాలనీలో బ్రహ్మానందం ఇంటికి పోయింది. ఆయన వరండాలో పేపరు చదువుకుంటున్నాడు. ఆమె అడిగింది విని కళ్లజోడు తీసేశాడు.

"హిందీలో సరిగానే చెప్పారమ్మా. నేనే తప్పు చెప్పాను."

"ఎందుకు సార్?"

"సాయంత్రం ఆటకు ముందు నేనూ మీ అన్నయ్యా ఒకసారి వేసుకుని చూసేవాళ్లం కదా. ఆ రోజు చివరి మాటలు ఆయనకు చెప్పాను. ఆయన నా రెండు చేతులూ పట్టుకున్నాడు. మా చెల్లి ముందే కూర్చుంటది, ఈ మాట మైకులో చెప్పొద్దన్నాడు. నాకూ జాలేసింది. ఒక్క ఆటకే కదా అనుకున్నాను. రెండోసారి మళ్లీ తెప్పిస్తారని నాకేం తెలుసు?"

"తర్వాత నాకు చెప్పుండొచ్చు గద. రోజూ బజార్ల కనబడ్తనే ఉంటి."

ఆయన పేపరు మడిచాడు. లోపలి నుంచి భార్య మంచినీళ్లు తెచ్చింది. గౌహర్ తాగకుండానే మెట్లు దిగింది.

సిరాజ్ దుకాణం మూసే పనిలో ఉన్నాడు. చెల్లెలి ముఖం చూసి తలుపు చెక్క కింద పెట్టేశాడు.

"బ్రహ్మానందం సార్ అంత జెప్పిండు" అంది గౌహర్. "సినిమా నాడు నీకు పానం ఒప్పలేదు. సరే. గది మాఫ్ జేస్త. ఎజాజ్ గురించి అడిగిననాడు నేను గీ స్టూలు మీదనే కూసొని ఏం జెప్పిన? యాదుందా?"

"యాదుంది."

"గప్పుడెందుకు నోరు తెరవలే?"

"నీకు గదొక్క ఆశనే ఉండె, గౌహర్. అది గూడ గుంజుకుంటే ఏమైపోతవో అని భయమైంది. ఇగ జెప్త, ఇగ జెప్త అనుకుంట..."

"అబద్ధం."

సిరాజ్ తల వంచుకున్నాడు.

"నేను డిచ్‌పల్లి పోతే అమ్మీని ఎవరు సూస్తరు? నీ భార్య సూస్తుండెనా? ఎవరు ఎత్తి కూసోబెడ్తరు, ఎవరు తానం జేపిస్తరు? గది నీ మనసుల రాలేదా? కసం తిని చెప్పు, భాయిజాన్. రాలేదంటే గిప్పుడే నమ్ముత."

సిరాజ్ ఒట్టు వేయలేదు. బజారులో ఎద్దుబండ్లు ఫ్యాక్టరీ వైపు వరసగా పోతున్నాయి. అవి దాటిపోయేదాకా నిలబడి, గౌహర్ ఇంటికి నడిచింది.

మరునాడు శుక్రవారం అయ్యూబ్ పేరు మీద ఫాతెహా చేయించింది. ఇన్నేళ్లుగా రాని ఏడుపు అన్నం వార్చేటప్పుడు వచ్చింది. సిరాజ్ వాకిట్లో కూర్చున్నాడు. అందరికీ వడ్డించినట్టే అతనికీ వడ్డించింది. మాట్లాడలేదు.

క్లబ్బులో తర్వాతి సినిమా రోజున బ్రహ్మానందం, ఎవరూ అడగకుండానే, మొదలుపెట్టే ముందు మైకులో చెప్పాడు. పడవ సినిమా చివర తాను చెప్పింది నిజం కాదనీ, ఆ మనిషి చనిపోయాడనీ, అందరూ క్షమించాలనీ.  హన్మండ్లు లేచాడు.

"గిప్పుడు గది మాకెందుకు జెప్తున్నవ్ సారూ? మేమడిగినమా? మంచిగుండె గద, బతికిండని!"

"ఔను, నిజమే" అన్నారు చాలామంది. ఆడవాళ్ల వైపు ఎవరో, "గౌహర్ టీచర్ పోయి లొల్లి జేసిందంట" అన్నారు, ఆమె వింటుండగానే. గౌహర్ తల్లి పోయినప్పుడు ఇంటికొచ్చి ఏడ్చిన హన్మండ్లు భార్య కూడా చాప అవతలికి జరుపుకుంది. ఆ బతికిన మనిషిని అందరూ ఇష్టపడ్డారు. అతని కోసం ఎనిమిదేళ్లు కూర్చున్న మనిషి ఎవరికీ గుర్తు రాలేదు. గౌహర్ సినిమా మొదలవకముందే లేచి వచ్చేసింది.

వేసవి సెలవుల తర్వాత నిజామాబాద్‌కు బదిలీ చేయించుకుంది. ఉదయం ఆటకు ఏ పరాయి భాష సినిమా వచ్చినా చెంచులక్ష్మికి కబురు పెట్టేది. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని చూసేవారు. భాష తెలియకపోతే చెంచులక్ష్మి పక్కవాళ్లను అర్థం అడగబోయేది. గౌహర్ వద్దనేది.

సిరాజ్ ఏటా రంజాన్‌లో ఖర్జూరం తీసుకుని వచ్చేవాడు. ఆమె చాయ్ పెట్టేది. పిల్లల చదువుల గురించీ, బోధన్‌లో వానల గురించీ మాట్లాడుకునేవారు. అతను చాయ్ తాగి, కప్పు కింద పెట్టి, ఇంకా ఏదో అనబోయేవాడు.

"బస్సు ఎల్లిపోతది, భాయిజాన్" అనేది గౌహర్.