అవ్వ మాట ఉన్న వీడియో

నోరు జారింది నేనే. దాంట్ల ఇంకొకల్ని అనేది ఏం లేదు.

మా అవ్వ ఈదమ్మ, మా బాపును కన్నతల్లి, తెల్లారంగ పోయింది. ఎండలు ముదిరిన దినాలు, పొద్దుగూకకముందే తీస్కపోవాలె. పది కొట్టేసరికి మా పెద్దబాపు లింగస్వామి ఇంటి ముంగట జనం రెండు దిక్కులైన్రు. తాతను పెట్టిన మా చెల్క భూమిలనే, తాత పక్కనే, డప్పులతోని తీస్కపోయి పెట్టాలె అని పెద్దబాపు. అవ్వ బాప్తిస్మం తీస్కొని పదకొండేండ్లాయె, మందిరం ఎనుక సమాధుల జాగల పాస్టరు ప్రార్థనతోని పెట్టాలె అని మా బాపు ఇస్రాయేలు. ఇద్దరు ఒక్క కడుపుల పుట్టినోళ్లే. ఒకాయిన ఇంట్ల దేవుని పటాలు, ఇంకొకాయిన ఇంట్ల సిలువ. గిన్నేండ్లల్ల దాని గురించి ఒక్క మాట పట్టింపు రాలే. అవ్వ ఊపిరి ఆగినంక వచ్చింది.

పదకొండు గంటలకు చెల్కల ఒక గుంత తవ్వుడు మొదలుపెట్టిన్రు. అది ఎరుకై మందిరం ఎనుక ఇంకొకటి మొదలైంది. ఒక్క ముసలి మనిషికి రెండు గుంతలు. నాకు సిగ్గుతోని ఒళ్లు మండింది. ఇది పోలీసు ఠాణా దాక పోతదని అప్పుడే కొందరు గుసగుసలు పెట్టిన్రు.

కులపెద్ద ఐలేశం కుర్చీ ఏసుకొని నడుమ కూసున్నడు. ఏడ పెట్టాల్నో ఈదమ్మ బతికుండంగ ఎవ్వలికన్న చెప్పిందా అని అడిగిండు. కొడుకులిద్దరు నేల చూసిన్రు. ఆడోళ్ల దిక్కు ఆయిన చూడనే లేదు. గప్పుడు నా నోరు ఊకోలే.

"నాకు చెప్పింది. వీడియోల ఉన్నది."

నా పేరు గ్లోరీ. ఇస్రాయేలు బిడ్డను. రామన్నపేటల ఒక ప్రైవేటు కాలేజిల కంప్యూటర్ చెప్త. ఆ మాట నేను ఒట్టిగ అనలే. రెండేండ్ల కింద ఒక ఆదివారం అవ్వ మంచంల కూసోని, తను చచ్చినంక ఏడ పెట్టాల్నో చెప్త అన్నది. ఫోన్ పట్టుకొని తీసింది నేనే. గంతవరకు నాకు కండ్లకు కట్టినట్టు యాదికున్నది. మిగిలింది ఎట్లన్న వీడియోల ఉంటది గద అనుకున్న.

ఐలేశం ఒక్కటే మాట చెప్పిండు. మూడు గంటల దాక చూద్దాం, వీడియోల ఈదమ్మ ఏడ అంటె ఆడ, ఆ తర్వాత ఎవ్వలు నోరెత్తొద్దు అన్నడు. కొడుకులిద్దరు సరే అన్నరు. నేను స్కూటీ తీస్తుంటె బాపు పక్కకు వచ్చి, మందిరమే అన్నది గద బిడ్డ అని మెల్లగ అడిగిండు. నాకు తెల్వకుండనే తలకాయ ఊపిన. ఆ ఊపిన తలకాయను తల్చుకుంటె ఇప్పటికి నా మీద నాకే కోపమొస్తది.

రామన్నపేటల నా కిరాయి రూముల ఒక పాత కంప్యూటర్ ఉన్నది. ఫోన్ నిండినప్పుడల్ల వీడియోలను దాంట్లకు ఎక్కిస్త, ఫోన్ల తీసేస్త. అట్ల ఎక్కిచ్చినవన్ని ఒక లైబ్రరీ లెక్క పెట్టిన. ఒక్కొక్క వీడియోకు పేరు, సంవత్సరం, బొమ్మ పెట్టి వరసగ చూపెట్టే సాఫ్ట్‌వేర్ అది. టీవీకి తగిలిస్తె ఇంట్ల కూసోని మన పెండ్లిళ్లు మనమే చూసుకోవచ్చు. పిల్లలకు పాఠం చెప్పినట్టు అందరికి గొప్పగ చెప్పుకున్న ముచ్చట అది.

అయితె మొదటి దినమే ఒక తప్పు చేసిన. వీడియోలు ఎక్కిచ్చేటప్పుడు ఇవి సినిమాలా, ఇంటి వీడియోలా అని అది అడుగుతది. నేను చూడకుండ సినిమాలు అని నొక్కిన. ఇంకేమున్నది, అది ఇంటర్‌నెట్ల ఎతికి మా వీడియోలకు ఎక్కడెక్కడి సినిమాల పేర్లో తెచ్చి అంటిచ్చింది. మా చిన్నమ్మ కొడుకు పుట్టెంటికలకు తుపాకి పట్టుకున్న తెల్లోని బొమ్మ. మా గల్లి బతుకమ్మకు చైనోళ్ల యుద్ధం. అప్పుడు కడుపుబ్బ నవ్విన. కొన్ని సక్కగ చేసిన, మిగిలినయి తీరికున్నప్పుడు చేద్దామని ఇడిసిపెట్టిన. ఆ తీరిక ఎన్నడు రాలే.

కంప్యూటర్ డబ్బాను స్కూటీ మీద కాళ్ల నడుమ పెట్టుకొని వచ్చి, పెద్దబాపు అర్రల టీవీకి తగిలిచ్చేసరికి ఒంటిగంట దాటింది. అర్ర తలుపు దగ్గరినుంచి చూస్తె పందిరి కింద పండవెట్టిన అవ్వ కనవడ్తది. పది అడుగుల దూరం గూడ లేదు. బాపు, పెద్దబాపు, ఐలేశం లోపల నిలవడ్డరు. వాకిట్ల నిలవడ్డోళ్లు కిటికీలకెళ్లి తొంగిచూస్తాన్రు.

అవ్వ అని కొట్టి ఎతికిన. ఏం రాలే. ఈదమ్మ అని కొట్టిన. ఏం రాలే. తారీకుతోని చూద్దామంటె, అన్నిటిని ఒకటేసారి లైబ్రరీల పెట్టిన గద, తీసిన దినం పోయి అన్నిటికి పెట్టిన దినమే పడ్డది. మొత్తం ఆరువందల పైన ఉన్నయి. దాంట్ల సగానికి పరాయి పేర్లు, పరాయి మొఖాలు. ఒక్కొక్కటే తెరుచుకుంట పోవుడు తప్ప వేరే తొవ్వ లేదు.

తెరిచిన. పెండ్లి బరాత్ల డీజే. దబదబ సౌండ్ బంద్ చేసిన. అయినా టీవీల మనుషులు ఎగురుతనే ఉన్నరు, బయట మా అవ్వ పండుకోనున్నది. కిటికీ దగ్గర ఎవ్వలో ముసలాయిన, సావు కాడ గీ చిందులేందని తిట్టిండు. నాకు తలకాయ కొట్టేసినట్టైంది. ఇంకొకటి తెరిచిన, కాలేజి పిల్లల ఆటలు. ఇంకొకటి, మందిరంల క్రిస్మస్. ఇంకొకటి తెరిస్తె అవ్వ కట్టె పట్టుకొని కోళ్లను అదిలిచ్చుకుంట నడిచి వచ్చింది. కిటికీ దగ్గరున్న ఆడోళ్లు గొల్లుమన్నరు. పెద్దబాపు కండువ మొఖానికి అడ్డం పెట్టుకున్నడు. అది నేను ఎతికే వీడియో కాదు.

రెండున్నరైంది. చెల్కలకెళ్లి ఫోనొచ్చింది, గుంత అయిపోయిందట. మందిరం కాడ గూడ అయిపోవస్తున్నదని పాస్టరు కబురు పంపిండు. బాపు నా భుజం మీద చెయ్యి పెట్టిండు. దొరకకపోతె ఈ ఊర్ల మల్ల మొఖమెత్తుకోని తిరుగుడు కష్టమే. దొరికి అవ్వ చెల్క అని ఉంటె, మా బాపు మొఖం ఎట్ల చూసేది?

మంచుల కుక్కలు బండి గుంజుకపోతున్న బొమ్మ ఒకటి కనవడ్డది. నొక్కిన. మంచం, మంచం మీద అవ్వ. జుట్టిప్పుకొని కూసున్నది, ఎనుకనుంచి ఎవ్వలో నూనె రాసి దువ్వుతాన్రు. ఇదే. సౌండ్ పెట్టిన.

"వడ్తున్ననా ఫోన్ల?" అన్నది అవ్వ.

"పడ్తున్నవవ్వా." అది నా గొంతు.

"అయితె ఇను బిడ్డ. నేను సచ్చినంక నన్ను ఏడ వెట్టాల్నంటె..."

"ఆగవ్వా జర, ఫోన్ నిండింది."

టీవీ నల్లగైంది. పదిహేడు సెకన్లు. ఇంక లేదు.

అందరు ఒక్కసారి నా దిక్కు తిరిగిన్రు. ఐలేశం మాత్రం తిట్టలే. కుర్చీ దగ్గరికి జరుపుకున్నడు.

"వీడియో ఆగింది, ఈదమ్మ మాట ఆగదు గద. నువ్వు ఆడనే ఉంటివి. ఆమె ఏమన్నదో నువ్వు చెప్పు. నువ్వు చెప్పిందే ఆమె మాట."

పెద్దబాపు అడ్డం పడుతడేమో అనుకున్న. ఆయిననే, గ్లోరీ అబద్ధమాడదు, చెప్పనియ్యిన్రి అన్నడు. గప్పుడు నాకు ఏడుపొచ్చింది. బాపు నన్నే చూస్తాండు, కండ్లతోనే అడుక్కుంటాండు. మందిరం. ఒక్క మాట. ఆ ఒక్క మాట అంటె అయిపోతది. వీడియో చూసినంక ఎవ్వలు కాదంటరు?

ఆ దినం ఏమైందో యాదికి తెచ్చుకున్న. ఫోన్ నిండింది. ఏ వీడియో తీసేద్దామా అని కిందికి మీదికి జరుపుకుంట కూసున్న. అవ్వ మాట్లాడుతనే ఉన్నది. నేను ఊ, ఊ అంటనే ఉన్న. ఫోన్ల జాగ అయ్యేసరికి అవ్వ మాట అయిపోయింది. మల్ల చెప్పవ్వా అని గూడ అడుగలే. అన్నానికి ఆలస్యమైతాందని లేచి వచ్చిన. నా చెవులల్ల మన్నువడ, ఒక్క ముక్క ఎక్కలే.

"నేను ఇనలే," అన్న. "అవ్వ చెప్పింది. నేనే ఇనలే."

బాపు నా భుజం మీదికెళ్లి చెయ్యి తీసేసిండు. గీ మాత్రానికి గింతసేపు మమ్ముల నిలవెట్టినవా, ఇజ్జత్ తీసినవు అని పెద్దబాపు కొట్టినంత పని చేసిండు. ఐలేశం లేచిండు. ఇంక పెద్దకొడుకు మాటనే, చెల్కకే తీస్కపోదాం అన్నడు. మందిరం దిక్కోళ్లు వాకిట్ల లొల్లి మొదలువెట్టిన్రు. డప్పులు కాపుకునుడికి గడ్డి అంటిచ్చిన్రు.

నా మీద నాకు వచ్చిన కోపానికి అదే వీడియో మల్ల పెట్టిన. అవ్వ, నా గొంతు, నలుపు. మల్ల పెట్టిన. మూడోసారి అవ్వ మొఖం చూడలేక ఆమె జుట్టు చూసిన. దువ్వుతున్న చేతులు. గాజుల్లేవు. కుడి మోచేతి మీద కాలిన మచ్చ.

సైదమ్మ అత్త.

బాపుకు అక్క, పెద్దబాపుకు చెల్లె. మొగడు పోయినంక ఈ ఇంటికే వచ్చింది. అవ్వకు బువ్వ తినిపిచ్చుడు, స్నానం పోసుడు, ఎత్తుడు దించుడు అంత ఆమెనే. పొద్దటిసంది అవ్వ కాళ్ల కాడ కూసోనే ఉన్నది. తవ్వేటోళ్లను అడిగిన్రు, పాస్టరును అడిగిన్రు, నా కంప్యూటర్‌ను గూడ అడిగిన్రు. ఆమెను ఒక్కలు అడుగలే. నేను గూడ అడుగలే.

ఉరికి పోయి ఆమె ముంగట కూసున్న. అత్తా, ఆ దినం నువ్వు ఎనుకనే ఉన్నవు, అవ్వ ఏమన్నది అని అడిగిన. నన్నెందుకు బిడ్డ, పెద్దోళ్లు చూసుకుంటరు అని తల ఒంచుకున్నది. నేను ఇడిసిపెట్టలే. చెప్పకపోతె ఈ జాగల నుంచి లేవనని మొండికేసిన. వాకిట్ల లొల్లి మెల్లగ ఆగింది. ఐలేశం గూడ వచ్చి నిలవడి, చెప్పు సైదమ్మా అన్నడు.

ఆమె అవ్వ కాళ్ల మీది బట్టను సక్కగ సదిరింది. తలెత్తలే.

"మీ తాత లేని జాగల పెట్టుమన్నది."

పెద్దబాపు ఆమె మీదికి వచ్చిండు, సచ్చిన మన బాపు మీద ఏం నింద ఏస్తున్నవు, నోరు అదుపుల పెట్టుకో అని. అత్త లేవలే, గొంతు పెంచలే. అవ్వ ఎడమ చెయ్యి వంకర పోయింది అందరు అనుకున్నట్టు బండ మీద పడి కాదు, తాత కొట్టి అన్నది. తాత తాగొచ్చిన దినాలల్ల అవ్వ బర్రెల కొట్టంల పండేదన్నది. బతికినన్ని దినాలు ఆయిన పక్కన పండింది సాలు, మట్టిల గూడ వద్దు అన్నదట. మా బాపు దిక్కు తిరిగి ఇంకో మాట గూడ చెప్పింది. ఆదివారం పొద్దుగాల తాత ఇంట్లనే ఉంటుండెనట. అవ్వ మందిరానికి పోవుడు మొదలువెట్టింది గందుకే. ఆడ రెండు గంటలు ఎవ్వలు తిట్టరు తమ్మీ, ఎవ్వలు కొట్టరు, గందుకు పోయింది అన్నది.

బాపు గోడకు ఆనుకున్నడు. తన ప్రార్థన వల్లనే అవ్వ వెలుగులకు వచ్చిందని ప్రతి క్రిస్మస్‌కు సాక్ష్యం చెప్పే మనిషి ఆయిన.

"గంత బాధ పెట్టిండా?" అన్నడు పెద్దబాపు. "మరి నాకెందుకు చెప్పలే?"

సైదమ్మ అత్త గప్పుడు తలెత్తి అన్న మొఖంలకు చూసింది.

"నీకేం చెప్పాలె అన్నా. ఆ ఇంట్లనే నువ్వు గూడ ఉంటివి గద."

పెద్దబాపు గడప మీద కూలవడ్డడు. ఎవ్వలు దగ్గరికి పోలే. కొద్దిసేపటికి ఆయిననే జేబులకెళ్లి ఫోన్ తీసి, చెల్కలున్నోళ్లకు గుంత పూడ్చుమని చెప్పిండు. ఎందుకని వాళ్లు అడిగినట్టున్నరు. పూడ్చున్రి అని మల్ల అన్నడు.

నాలుగున్నరకు అవ్వను లేపినం. పాడె ముంగటి కట్టెకు పెద్దబాపు, బాపు ఇద్దరు భుజం పట్టిన్రు. సమాధుల జాగ దాక ఒకల మొఖం ఒకలు చూసుకోలే. పాస్టరు వాక్యం చదివి, తల్లి విశ్వాసం గురించి చిన్నకొడుకు రెండు మాటలు చెప్తడని బాపును పిలిచిండు. బాపు పోయి గుంత అంచుల నిలవడ్డడు. మామూలుగ పిలిస్తె అరగంట దాక ఆపడు.

"మా అమ్మను నేను ఎన్నడు అడగలే," అన్నడు.

గంతే. ఆయిన ఒంగి, రెండు చేతులతోని మన్ను తీసి ఏసిండు.