లైసెన్సు పావని పేరున

"తలుపేసుకుని వేయించు పావనీ, ఆ ఘాటు పూజగదిలోకి కొడుతోంది" అంది మా అత్తయ్య వెంకటరత్నమ్మ. మూడు కిలోల ఎండుమిరపకాయలు, ఒక్కటే కిటికీ, పైన రాయచూరు ఎండ. జూన్ వచ్చినా ఈ ఊళ్ళో ఎండ తగ్గదు. తలుపేసుకున్నాను. దగ్గి దగ్గి కళ్ళ నీళ్ళు కారుతుంటే పైటతో తుడుచుకున్నాను, పైటకున్న కారం కాస్తా కంట్లో పడింది. తొమ్మిదేళ్ళుగా ఇదే వరస. ఈ కారం, గోంగూర పచ్చడి, చేపల పులుసు, రొయ్యల వేపుడు నా వంటింట్లో తయారై, పదకొండింటికి గిన్నెల్లో సర్దుకుని, ఆటో ఎక్కి స్టేషన్ రోడ్డులోని మా బార్‌కి వెళ్తాయి. నేను మాత్రం వెళ్ళను. మా ఇంటి ఆడాళ్ళు బార్ గడప తొక్కకూడదు.

ఊళ్ళో ఆడాళ్ళు తొక్కొచ్చు. కింద బార్, మేడ మీద తెరలు కట్టిన ఫ్యామిలీ గదులు. ఆదివారం వచ్చిందంటే శక్తినగర్ కరెంటు ప్లాంటు క్వార్టర్స్ నుంచి కూడా పిల్లాపాపలతో దిగుతారట. మొగుడు బీరు తాగుతుంటే పెళ్ళాం, పిల్లలు పులుసన్నం తింటారు. పక్కింటి అంబుజ తిని వచ్చి, "మీ అత్తగారి చేతి రొయ్యల వేపుడు ఎంత బాగుందో" అని నాతోనే అంటుంది. మెనూ కార్డు మీద 'అమ్మ చేతి వంట' అని వేయించాడు మా ఆయన. ఆ మధ్య ఎవరో వంటల వీడియో తీసుకుంటామని ఇంటికొస్తే, అత్తయ్య పట్టుచీర కట్టుకుని గరిటె పట్టుకుని నిలబడింది. మోకాళ్ళ నొప్పులని ఆవిడ పొయ్యి దగ్గరకు వచ్చి ఎన్నేళ్ళయిందో. నేను కెమెరాకు కనపడకుండా ఫ్రిజ్ పక్కన నక్కి, "ఇప్పుడు ఉప్పు వెయ్యండి" అని మెల్లగా అందిస్తూ ఉన్నాను. తర్వాత ఆ వీడియో చూసి ఇంటిల్లిపాదీ నవ్వుకున్నారు. నాకు మాత్రం ఒళ్ళు మండింది.

ఇంతకీ ఆ బార్ లైసెన్సు నా పేరున ఉంది. మావి కవితాళ దగ్గర క్యాంపు కుటుంబాలు, తాతల కాలంలో కాలవ నీళ్ళ కోసం గోదావరి జిల్లా నుంచి వచ్చి వరి వేసుకున్నవాళ్ళం. మా ఆయన చంద్రమోహన్ పొలం కౌలుకిచ్చి రాయచూరులో బార్ పెడతానన్నప్పుడు, అప్పటికే క్యాంపులో అయ్యప్ప గుడి కమిటీకి అధ్యక్షుడు. ఏటా మాల వేసుకుంటాడు. "బార్ కాగితం మీద నీ పేరెందుకురా? రేపు గుళ్ళో నలుగురూ అడిగితే తలెక్కడ పెట్టుకుంటావ్? పావని పేరు రాయించు" అంది అత్తయ్య. నా తల ఎక్కడ పెట్టుకోవాలో ఎవరూ అనుకోలేదు. పైగా అప్పుడు నేను సంతోషించాను, నా పేరున కూడా ఒకటుందని. అది తల్చుకుంటే నా మీద నాకే కోపం వస్తుంది. ఆ తర్వాత క్యాంపులో పెళ్ళికి వెళ్తే మా పెద్దమ్మ, "బ్రాందీ పావని వచ్చిందర్రా" అంది. అందరూ నవ్వారు, మా ఆయన కూడా. ఏటా జూన్‌లో లైసెన్సు రెన్యువల్ కాగితాలు తెచ్చి పొయ్యి గట్టు మీద పెట్టి, ఇంటూ గుర్తులున్న చోట్ల వేలు పెట్టి చూపిస్తాడు. చెయ్యి తుడుచుకుని సంతకం పెడతాను.

ఆ కారం వేయించిన పొద్దున బార్ నుంచి ఖాళీ గిన్నెలు రాలేదు. రోజూ తెచ్చేది తిమ్మమ్మ, అక్కడ బల్లలు తుడిచే మనిషి. ఆమె పనిమనిషి కాబట్టి గడప తొక్కొచ్చు. తొమ్మిది దాటాక ఉత్త చేతులతో వచ్చి పెరటి మెట్ల మీద కూర్చుంది. కుడిచేతికి గాజుల్లేవు. మణికట్టు దగ్గర గీరుకుపోయి ఉంది.

"ఏంటి తిమ్మమ్మా, పడ్డావా?"

"పడలే అక్కా. నిన్న మధ్యాన్నం మీది రూమ్‌ల టేబుల్ తుడుస్తుంటి. మాన్వి పత్తి దలాలీ విరూపాక్షప్ప లేడా, తెర గుంజి చెయ్యి పట్టిండు. ఇడువు అంటే ఇడువలే. చేతిల తడి బట్ట ఉండె, మొకం మీద కొట్టిన. గంతే." కొంగుతో మణికట్టు అద్దుకుంది. "సావుకారు నన్నే పనిల నుంచి తీసేసిండు. నేనేం తప్పు చేసిన అక్కా? మా గల్లీల అందరికీ ఎరుకయింది. ఏం చేసి వచ్చినవే అని అడుగుతున్నరు. యాడనన్న పని దొరుకుతది నాకు. కానీ మల్ల గాడనే గావాలె. గాడ జేస్తెనే నా తప్పు లేదని ఎరుకైతది."

ఆమె చేతికి పసుపు రాస్తుంటే నా వేళ్ళకున్న కారం తగిలి ఆమె చెయ్యి వెనక్కు లాక్కుంది. నాకు ఏడుపొచ్చింది. ఏడవలేదు.

పదింటికి మా ఆయన కాగితాలతో వంటింట్లోకి వచ్చాడు. రేపటిలోగా ఎక్సైజు ఆఫీసులో ఇవ్వకపోతే బార్ మూతపడుతుందన్నాడు. నేను తిమ్మమ్మ సంగతి అడిగాను.

"కందకు లేని దురద కత్తిపీటకెందుకు? విరూపాక్షప్ప రోజూ నలుగురిని వెంటేసుకుని వచ్చే మనిషి. బార్‌లో పనికొచ్చాక ఇలాంటివి ఉంటాయి. అసలు మంచి ఇంటి ఆడది అక్కడికెందుకొస్తుంది?"

"ఎవరి బార్‌కి?" అన్నాను.

ఆయన ఫోన్ చూసుకుంటున్నాడు. కందకు దురద ఉంది, పెరట్లో కూర్చుని ఉంది, వెళ్ళి చూడండి అందామనుకున్నాను. "చేతినిండా కారం ఉంది, అక్కడ పెట్టండి" అని మాత్రం అన్నాను. ఆయన పెట్టేసి బార్‌కి వెళ్ళిపోయాడు.

చేతులు కడుక్కుని, తొమ్మిదేళ్ళలో మొదటిసారి ఆ కాగితాలు చదివాను. కవితాళ సర్కారు బళ్ళో కన్నడం చదువుకున్నదాన్ని, ఆ సంగతి ఈ ఇంట్లో ఎవరికీ గుర్తున్నట్టు లేదు. లైసెన్సుదారునైన కె. పావని అనే నేను ఈ దుకాణాన్ని స్వయంగా నడుపుతున్నానని రాసి ఉంది. దాని కింద పనిచేసేవాళ్ళ జాబితా. మేనేజరు శరణబసవ, ఇద్దరు వంటవాళ్ళు, నలుగురు సప్లయర్లు, చిట్టచివర తిమ్మమ్మ. మళ్ళీ పైనుంచి చదివాను. మూడుసార్లు చదివాను. మా ఆయన పేరు ఎక్కడా లేదు. గుళ్ళో మాట రాకూడదని తన పేరు ఒక్క కాగితం మీద కూడా పడకుండా ఎంత జాగ్రత్తపడ్డాడో. అక్కడ ఏ పనిలోనూ లేని మనిషి దగ్గర నిలబడా నేను ఇన్నేళ్ళూ చెప్పులు తెగిపోయాయని, కొత్తవి కావాలని అడుక్కున్నది? ఆ మనిషా తిమ్మమ్మను పనిలోంచి తీసేసింది? కాగితాలు మడిచి చేత పట్టుకున్నాను. 

వండినవి వేరే గిన్నెల్లో సర్ది ఆటోలో పెట్టించి, నేనూ ఎక్కి, తిమ్మమ్మనూ ఎక్కమన్నాను. అత్తయ్య వాకిట్లోకి వచ్చేసింది, ఆ వేళ మోకాళ్ళు బాగానే పనిచేశాయి.

"ఎక్కడికే? నువ్వు ఆ గడప తొక్కితే ఇంటి పరువేం మిగులుతుంది?"

"పరువు మీ అబ్బాయి పేరున ఉంది అత్తయ్యా, బార్ నా పేరున ఉంది. నాది నేను చూసుకొస్తాను" అన్నాను. ఆటో కదిలాక తిమ్మమ్మ నా వైపు చూసి కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

లోపల ఎలా ఉంటుందోనని ఎన్నెన్ని ఊహించుకున్నానో. ఏముంది, ఫినాయిల్ వాసన, బల్లల మీద నిమ్మచెక్కలు, నా చేపల పులుసు వాసన. కౌంటర్ వెనక గోడకు ఫ్రేమ్ కట్టిన లైసెన్సు, దాని మీద నా పాత ఫొటో. నా ఫొటో కింద కుర్చీలో మా ఆయన. తిమ్మమ్మ కళ్ళతో చూపించింది, విరూపాక్షప్ప కిటికీ దగ్గర కూర్చుని వేరుశనగలు నములుతున్నాడు. తిమ్మమ్మను చూసి పళ్ళికిలించాడు.

"ఇక్కడికెందుకొచ్చావ్? ఇంటికి పద, అక్కడ మాట్లాడుకుందాం" అన్నాడు మా ఆయన గొంతు తగ్గించి.

"సంతకం పెట్టమన్నారుగా, చదివి పెడదామని వచ్చాను." కాగితం కౌంటర్ మీద పరిచి వేలు పెట్టి చూపించాను, ఆయన నాకు చూపించినట్టే. "ఇదుగో, తిమ్మమ్మ పేరుంది. మీ పేరు లేదు. పనిలో ఉన్న మనిషిని తీసెయ్యడానికి పనిలో లేని మీరెవరండీ?"

శరణబసవ లేచి నిలబడ్డాడు. సప్లయర్లు ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు.

"ముందు సంతకం పెట్టు పావనీ. నలుగురూ చూస్తున్నారు."

"చూడనివ్వండి."

నేను విరూపాక్షప్ప కూర్చున్న బల్ల దగ్గరకు వెళ్ళి, లేచి వెళ్ళమని, మళ్ళీ ఈ గడప తొక్కొద్దని కన్నడంలో చెప్పాను. గొంతు అరిచినట్టే వచ్చింది, రానీ. అతను మా ఆయన వైపు చూశాడు. మా ఆయన ఇంకా సంతకం పడని కాగితం వైపు చూశాడు. కాసేపటికి విరూపాక్షప్ప ఆడముండల రాజ్యమని ఏదో గొణుగుతూ చెప్పులు టపటపలాడించుకుంటూ వెళ్ళిపోయాడు.

తిమ్మమ్మ ఆ బల్ల మీది గ్లాసు తీసింది. "ఇయ్యాల్టి సంది పనిలకు వచ్చినట్టేనా అక్కా?"

"నువ్వు మానిందెప్పుడు?" అన్నాను.

కౌంటర్ వెనక్కు వెళ్ళి కుర్చీ పక్కన నిలబడ్డాను. చాలాసేపటికి మా ఆయన లేచాడు. నేను కూర్చున్నాను. ఆయన అటు బయటికీ పోలేక, ఇటు లోపలికీ రాలేక బల్లల మధ్య నిలబడిపోయాడు. శరణబసవను పిలిచాను.

"సార్ ఏమైనా తింటారేమో అడుగు."